ఆదివారం మాత్రల డబ్బా ముట్టుకోని అత్తగారు

ప్రశ్న: మేం అమెరికాలోని అట్లాంటాలో ఉంటాం. మా వారు ఆఫ్రికన్ అమెరికన్. మా అత్తగారికి 61 ఏళ్లు, మాతోనే ఉంటారు. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. రెండేళ్ల క్రితం కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, తగ్గేకొద్దీ దెబ్బ ఎక్కువ) 38, యూరిన్‌లో ప్రొటీన్ పోతోంది. బీపీకి లిసినోప్రిల్, నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్, షుగర్‌కి ఎంపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. వారమంతా వేసుకుంటారు గానీ ఆదివారం మాత్రల డబ్బా ముట్టుకోరు. సోమవారానికి కాళ్లు వాచిపోతాయి. ఆమె చర్చిలో అషర్‌గా సేవ చేస్తారు, గంటల తరబడి నిలబడాలి. డాక్టర్ల మీద నమ్మకం తక్కువ. గట్టిగా చెబితే నొచ్చుకుంటారేమోనని టెన్షన్. ఎలా నచ్చజెప్పాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆరు రోజులు తప్పకుండా మందులు వేసుకునే మనిషికి ఆరోగ్యం మీద పట్టింపు లేదని అనుకోలేం. ఆదివారం ఆమెకు చర్చి ఉంది.

ఫ్యూరోసెమైడ్ ఒంట్లోని నీటిని బయటకు పంపే మాత్ర. అక్కడివాళ్లు వాటర్ పిల్ అంటారు. వేసుకున్న గంటలోపే పని మొదలవుతుంది, దాదాపు ఆరు గంటలు ఉంటుంది. మొదటి రెండు గంటల్లో బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తుంది. ఇక మీ అత్తగారి ఆదివారం చూడండి. పాటలు, ప్రసంగం కలిసి ప్రార్థన రెండు మూడు గంటలు సాగడం అక్కడి నల్లజాతివాళ్ల చర్చిల్లో మామూలే. అషర్ అంటే చాలాచోట్ల తెల్ల దుస్తులు, తెల్ల గ్లోవ్స్ వేసుకుని తలుపు దగ్గర నిలబడాలి. వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి. మధ్యలో వదిలి వెళ్లడానికి లేదు. ఆ తెల్ల బట్టల మీద చిన్న మరక పడుతుందేమోనన్న భయం ఎలాంటిదో ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నేను అమెరికాలో ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒకావిడ వచ్చేవారు. సిటీ బస్సు నడిపే నల్లజాతి మహిళ. కాళ్ల వాపు తగ్గడం లేదు. మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదని తేలింది. ఫైల్లో ‘మాట వినని పేషెంట్’ అని నేనే రాశాను. తర్వాతి విజిట్‌కి ఆవిడ తన డ్యూటీ చార్టు తెచ్చి నా టేబుల్ మీద పరిచారు. ఏ ట్రిప్పు ఎన్నింటికి, ఏ స్టాప్ దగ్గర బాత్రూమ్ ఉంది, ఎక్కడ లేదు, అన్నీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నారు. డ్యూటీ రోజుల్లో మాత్ర ఎందుకు మానేస్తున్నారో ఆ కాగితం చూస్తే తెలిసిపోయింది. అంతవరకూ నేను ఆమె రోజు ఎలా గడుస్తుందో అడగలేదు. మాత్రను డ్యూటీ అయిపోయాక, మధ్యాహ్నం మూడింటికి మార్చాం. వాపు తగ్గింది.

మీ అత్తగారి విషయంలోనూ ఇదే కుదరవచ్చు. ఆదివారం నీటి మాత్రను చర్చి నుంచి వచ్చాక, ఒంటిగంటకో రెండింటికో వేసుకుంటే రాత్రి నిద్రలోపు దాని పని అయిపోతుంది. టైమ్ మార్చే ముందు ఆమె డాక్టర్‌ని గానీ ఫార్మసిస్టుని గానీ అడగండి. చాలావరకు ఒప్పుకుంటారు. ఇంకో చిన్న పని కూడా చెయ్యండి. నీటి మాత్రను వారం డబ్బాలోంచి తీసి విడిగా ఇంకో చిన్న డబ్బాలో పెట్టండి. ఆ ఒక్కదాని భయంతో ఇప్పుడు అన్ని మాత్రలూ మానేస్తున్నారు. లిసినోప్రిల్‌ని చర్చికి వెళ్లే ముందు నిశ్చింతగా వేసుకోవచ్చు. కిడ్నీని కాపాడేవాటిలో అది ముఖ్యమైనది.

నమ్మకం తక్కువ అన్నారు. అది ఆమె మొండితనం అనుకోకండి, దాని వెనక చరిత్ర ఉంది. మీ పక్క రాష్ట్రం అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి మగవాళ్లకు వైద్యం చెయ్యకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అది ఆపేసే నాటికి మీ అత్తగారు చిన్నపిల్ల, ఇంట్లో పెద్దవాళ్ల నోట విని ఉంటారు.

అంత పాత సంగతి ఇప్పుడెందుకు అంటారా, కిడ్నీ వైద్యంలోనే నిన్నమొన్నటి సంగతి ఒకటుంది. మీ అత్తగారి పాత ల్యాబ్ రిపోర్టులు ఉంటే తీసి చూడండి. 2021కి ముందువైతే చాలావాటిలో ఈజీఎఫ్ఆర్ రెండు వరుసల్లో కనిపిస్తుంది, ఒకటి ఆఫ్రికన్ అమెరికన్ అయితే, రెండోది కాకపోతే. అదే రక్తం, అందులో అదే క్రియాటినిన్ (కిడ్నీలు బయటకు పంపాల్సిన వ్యర్థం, దీన్నిబట్టే ఈజీఎఫ్ఆర్ లెక్కగడతారు). నల్లజాతి అని టిక్ పెడితే చాలు, 2009 నాటి సూత్రం అంకెను దాదాపు 16 శాతం పెంచేసేది. 38 రావాల్సిన చోట 44 అని వచ్చేది. కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనబడేది. స్పెషలిస్టు దగ్గరికి పంపడం ఆలస్యమయ్యేది. అక్కడ కిడ్నీ మార్పిడి కోసం వెయిటింగ్ టైమ్ లెక్కలోకి రావాలంటే ఈజీఎఫ్ఆర్ 20కి దిగాలి. ఎంతోమంది అక్కడే వెనకబడిపోయారు. 2021లో జాతి లెక్క లేని సూత్రం వచ్చింది. మార్పిడి జాబితాలో పాత పద్ధతి వాడకూడదని 2022లో నిషేధించారు. నష్టపోయిన నల్లజాతి పేషెంట్ల వెయిటింగ్ టైమ్‌ని సరిచెయ్యాలని 2023 జనవరి నుంచి నియమం పెట్టారు. అక్కడి జనాభాలో వీళ్లు దాదాపు 13 శాతమే అయినా, కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లలో దాదాపు మూడో వంతు వీళ్లే. ఇదంతా తెలిసిన మనిషి డాక్టర్ మాటను ఒకటికి రెండుసార్లు తూచుకుంటే తప్పేముంది?

ఇక ఆమె మీకు చెప్పకుండా దాచుకునే అవకాశం ఉన్నవి కొన్ని. ఎంపాగ్లిఫ్లోజిన్ వాడితే యూరిన్‌లో చక్కెర పోతుంది, దానివల్ల ఆడవాళ్లకు కింద దురద, ఫంగస్ ఇన్ఫెక్షన్ రావచ్చు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు, మాత్ర మానేస్తారు. తేలిగ్గా తగ్గే సమస్య అది. కోడలిగా మీరే మెల్లగా కదపండి.

లిసినోప్రిల్‌తో పొడిదగ్గు వస్తే డాక్టర్ వేరే మందుకు మారుస్తారు. పెదవులు, నాలుక, ముఖం వాస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్యండి. ఈ వాపు నల్లజాతివాళ్లలో మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఏళ్ల తరబడి వాడాక కూడా రావచ్చు. ఒకసారి వచ్చినవాళ్లకు ఆ మందు మళ్లీ జీవితంలో ఇవ్వకూడదు.

అన్ని గంటలు నిలబడితే మోకాళ్లు నొప్పి పెట్టకుండా ఉండవు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఇబుప్రోఫెన్ గానీ, ఆ దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది వాడే ఆస్పిరిన్ కలిసిన తలనొప్పి పొడుల పొట్లాలు గానీ ఉన్నాయేమో అడగండి. లిసినోప్రిల్, నీటి మాత్ర, వాటికి తోడు ఇబుప్రోఫెన్, ఈ మూడూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. నొప్పికి టైలెనాల్ తీసుకోవచ్చు, మన పారాసిటమాల్ అదే.

ఆదివారం భోజనం సంగతి. కొలార్డ్ ఆకుకూరను పొగబెట్టిన పంది మాంసం ముక్కతో గంటల సేపు ఉడికిస్తారు. ఆ చారును పాట్‌లిక్కర్ అంటారు, కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న రొట్టె) ముంచుకుని తింటారు. ఉప్పూ పొటాషియం దిగేది ఆ చారులోకే. ఆమె వంటను మానమనకండి. పొటాషియం రిపోర్ట్ బాగుంటే కూర తినవచ్చు, చారు వదిలేస్తే చాలు. మాంసానికి బదులు వెల్లుల్లి, వెనిగర్, మిరప వెయ్యమనండి. ‘సాల్ట్ సబ్‌స్టిట్యూట్’ డబ్బా మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. దాంట్లో ఉండేది పొటాషియం క్లోరైడ్, లిసినోప్రిల్‌తో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండెకే ప్రమాదం. జనవరిలో కొన్ని చర్చిల్లో డేనియల్ ఉపవాసం (మాంసం మానేసి కూరగాయలు, పళ్లు, గింజలతో గడిపే దీక్ష) ఉంటుంది. దాని ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున కూడా ఎంపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, నీటి మాత్ర, లిసినోప్రిల్ తాత్కాలికంగా ఆపాలా అని వెంటనే ఫోన్ చేసి అడగండి.

ఈజీఎఫ్ఆర్ 38 దగ్గర మెట్‌ఫార్మిన్ సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటించం. ఆమె డోసు ఎంతో చూడండి.

డయాబెటిస్‌ని షుగర్ అనడం మనకే కాదు, మీ అత్తగారి తరం నల్లజాతివాళ్లకూ అలవాటే. ఇంటిల్లిపాదికీ చేసిపెట్టి తన మాత్ర చివర్లో గుర్తు తెచ్చుకోవడం కూడా మన అమ్మల్లాగే. ‘బలమైన నల్లజాతి స్త్రీ’ అని చుట్టూ అందరూ పొగుడుతుంటే, నాకు ఒంట్లో బాలేదని చెప్పడం ఇంకా కష్టం. అందుకని నచ్చజెప్పే పని పెట్టుకోకండి. కాఫీ కప్పు ఇచ్చి పక్కన కూర్చోండి. ‘ఆదివారం ఏ మాత్ర ఇబ్బంది పెడుతోంది?’ అని అడిగి, ఆమె చెప్పిందంతా వినండి. ఈ వారం చర్చి ఎన్నింటికి అయిపోతుందో, ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో కాగితం మీద రాసుకుని, శుక్రవారం లోపు ఆమె చేతే డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేయించండి.