ఎడతెగని మాటకి ఎన్ని పోగులు

విజయనగరం

చిరంజీవికి,

పొందూరు నుంచి నువ్వు పంపిన కథా, దాని ఇంగ్లీషు అనువాదమూ అందాయి. కథ బాగుంది. అనువాదం పన్నెండు పేజీల్లో "కంటిన్యుయస్లీ" పద్నాలుగుసార్లు వచ్చింది. వాన కంటిన్యుయస్లీ, అత్తగారి దగ్గు కంటిన్యుయస్లీ, రాట్నం కంటిన్యుయస్లీ, చివరికి వీధికుక్క కూడాను. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

తప్పులో సగం మన "ఎడతెగకుండా"ది. వానకీ అదే వాడతాం, దగ్గుకీ అదే, అన్నదమ్ముల తగువుకీ అదే. ఇంగ్లీషు మాత్రం మధ్యలో ఖాళీ ఉందా లేదా అని చూస్తుంది. మీ ఊళ్ళో రాట్నం ముందు కూర్చున్నవాళ్ళ చెయ్యి గమనించు. ఏకు లోంచి వచ్చిన పోగు తెగకుండా కదురుకి చుట్టుకుంటున్నంతసేపూ అది కంటిన్యుయస్. పోగు తెగింది, అతికారు, మళ్ళీ తెగింది, మళ్ళీ అతికారు. అది కంటిన్యువల్. అనుమానం వస్తే "ఎంతసేపు?" అని అడుగు. జవాబు కుదిరితే కంటిన్యుయస్. "ఎన్నిసార్లు?" అన్నదే సరైన ప్రశ్న అనిపిస్తే కంటిన్యువల్. రాత్రంతా తెరిపివ్వని వాన మొదటిది, అత్తగారి దగ్గు రెండోది.

నిజానికి ఈ తేడా మనకి తెలియనిది కాదు. "ఏకధాటిగా", "ఏకబిగిన" ఒక గట్టున, "అస్తమానం", "మాటిమాటికీ" అవతలి గట్టున ఉన్నాయి. నీ తెలుగు వాక్యంలో "ఎడతెగకుండా" తీసేసి, ఈ రెండు గట్ల మాటల్లో ఏది ఇముడుతుందో చూసుకున్నాకే ఇంగ్లీషు జోలికి వెళ్ళు. "మా అత్త అస్తమానం దగ్గుతుంది" అని తెలుగులో రాసుకుంటే కంటిన్యుయస్ నీ కలంలోకే రాదు.

ఇంకొకటి. కంటిన్యుయస్ చోటుకీ చెల్లుతుంది, ఎక్కడా తెంపు లేని ప్రహరీగోడ లాంటి దానికి. ఇంటర్ లెక్కల పుస్తకంలో "అవిచ్ఛిన్నత" అని చదివావే, అది ఇదే. కంటిన్యువల్ సాధారణంగా కాలానికే. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో కంటిన్యువల్ రెండర్థాల్లోనూ కనిపిస్తే తప్పుపట్టకు. అది 14వ శతాబ్దపు మాట, కంటిన్యుయస్ 17వ శతాబ్దంలో వచ్చి చేరింది.

అసలు ఆ పద్నాలుగింటిలో చాలాచోట్ల సరైన క్రియావిశేషణం వెతకడం కూడా దండగే. మన "తూనే ఉంది"కి ఇంగ్లీషులో "కీప్" అనే క్రియ ఉంది. "షీ కెప్ట్ కాఫింగ్" అంటే చాలు. "ఆన్" చేరిస్తే, "షీ కెప్ట్ ఆన్ కాఫింగ్", కొంచెం విసుగు తగులుతుంది. మీ కోడలి పాత్రకి అదే కావాలి. "నడిచి నడిచి" అన్నచోట "వాక్డ్ అండ్ వాక్డ్" అని ధైర్యంగా రాయి. మాట రెట్టించడం మన సొత్తు ఒక్కటే కాదు.

"వరసగా" దగ్గర మనవాళ్ళందరూ జారతారు. "వరసగా ఐదుసార్లు గెలిచాడు" అంటే "కంటిన్యుయస్లీ ఫైవ్ టైమ్స్" కాదు, "ఫైవ్ టైమ్స్ ఇన్ ఎ రో". ఐదు మంగళవారాలు వరసగా పైడితల్లి గుడికి వెళ్తే "ఫైవ్ కన్సెక్యుటివ్ ట్యూస్‌డేస్". నడుమ ఆరేసి రోజులున్నా మంగళవారం ఒక్కటీ తప్పలేదు కనక కన్సెక్యుటివ్. "సక్సెసివ్" అంటే ఒకదాని వెనక ఒకటి అనే క్రమమే ముఖ్యం, నడుమ ఖాళీ ఉన్నా దానికి పట్టదు.

నీ కథలో 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము ఉంది, పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన వేళ. అక్కడ "కంటిన్యుయస్ విండ్" అని రాశావు. తుపాను భాషలో ఆ మాట "సస్టైన్డ్". మన వాతావరణ శాఖ గాలి వేగాన్ని 3 నిమిషాల సగటు మీద చెబుతుంది, అది సస్టైన్డ్. ఆ నడుమ ఒక్కసారిగా ఎగదన్నే విసురు "గస్ట్". కొబ్బరిచెట్టు వంగి ఉండటం మొదటిదాని పని, ఫెళ్ళున విరగడం రెండోదాని పని. ఈ రెండు మాటలూ పెడితే ఆ పేరా దానంతటదే నిలబడుతుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. "ఇన్సెసెంట్" ఎక్కువగా చిరాకు పెట్టే వాటికే: ముసురు, వాగుడు, హారన్లు. "ఇంటర్మినబుల్" అంటే మాట ప్రకారం అంతులేనిదే, వాడుకలో మాత్రం ఎక్కువగా అంతులేనట్టు అనిపించేది. సన్మానసభలో ఉపన్యాసానికి సరిగ్గా సరిపోతుంది. జ్వరం "పర్సిస్ట్" అవుతుంది, "పర్సివియర్" చెయ్యడం మనిషి వల్లే అవుతుంది. "పెరెనియల్ రివర్"ని తెలుగు చెయ్యాల్సి వస్తే "శాశ్వత నది" అనకు, "జీవనది" ఉండనే ఉంది.

ఏడో పేజీలో "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంది నీ కథానాయిక. మన "నుంచీ" పదేళ్ళ నుంచీ అన్నా, 2014 నుంచీ అన్నా ఒకటే. ఇంగ్లీషులో నిడివికి "ఫర్", మొదలైన క్షణానికి "సిన్స్". క్రియ కూడా మారాలి: "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్". ఒకవేళ ఆవిడ అలాగే మాట్లాడే మనిషైతే దిద్దకు, కొటేషన్లలో అలాగే ఉంచు. కథకుడి గొంతులో మాత్రం ఆ తప్పు రాకూడదు.

ఆ పద్నాలుగింటిలో రాత్రి వాన దగ్గరిది ఒక్కటి ఉంచు. తక్కినవి మార్చి మళ్ళీ పంపు.

ఆశీస్సులతో.