దసరా దాటినా పిలుపు రాలేదంటే

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది మే నెలలో బీటెక్ సీఎస్‌ఈ పూర్తిచేశాడు. ప్రాంగణ నియామకాల్లో ఎంపిక కాలేదు. జూన్ నుంచి హైదరాబాద్‌లో ఉండి దరఖాస్తులు పెడుతున్నా, దసరా దాటినా ఒక్క పిలుపూ లేదు. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. ఏం చేయాలి?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ కన్సల్టెన్సీకి రూపాయి కూడా కట్టకండి. అలా బ్యాక్‌డోర్‌లో దొంగ అనుభవ పత్రాలతో చేరినవారు నేపథ్య పరిశీలనలో, చాలాసార్లు పాత ఉద్యోగం నిజమో కాదో తెలిపే పీఎఫ్ (భవిష్య నిధి) వివరాల దగ్గరే, దొరికిపోతారు.

పిలుపులు రాకపోవడంలో మీ అబ్బాయి చదువుకన్నా కాలం పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. రెండు రాష్ట్రాల ఇంజినీరింగ్ పట్టభద్రులు మే, జూన్‌లలో ఒక్కసారే బయటికి వస్తారు. అమీర్‌పేట హాస్టళ్లు నిండేదీ అప్పుడే. కంపెనీలు ఆ సమయంలో అంతకుముందే ప్రాంగణాల్లో ఎంపిక చేసుకున్నవారిని విడతలవారీగా చేర్చుకుంటాయి గనుక బయటివారికి మిగిలే ఖాళీలు తక్కువ. ఆ చేరికలు పూర్తికాకముందే కళాశాలల్లో తర్వాతి బ్యాచ్ ఎంపికలు మొదలవుతాయి. ఇక అక్టోబరు-డిసెంబరు త్రైమాసికం ఐటీకి మందకొడి కాలం. మన సంస్థలకు అధిక ఆదాయం తెచ్చే అమెరికా, ఐరోపా క్లయింట్లలో పలువురు థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో పనులు ఆపుతారు. దీన్నే ఈ రంగంలో ఫర్లో అంటారు. వారిలో చాలామందికి కొత్త బడ్జెట్ జనవరిలోనూ, మన కంపెనీలకు ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1నా మొదలవుతాయి కాబట్టి, సంక్రాంతి తర్వాత నియామకాలు కొంత కదిలే వీలుంది. హామీ మాత్రం ఇవ్వలేను. 2023 మందగమనంలో ఆఫర్ లెటరు చేతిలో ఉన్నవారే నెలల తరబడి ఎదురుచూశారు.

ఫ్రెషర్ల ప్రకటనలు చాలావరకు ఉత్తీర్ణత సంవత్సరాన్ని నిర్దేశిస్తాయి. వచ్చే వేసవికి కొత్త బ్యాచ్ రాగానే మీ అబ్బాయికి వర్తించేవి తగ్గుతాయి గనుక జనవరి-మే నెలలే అతనికి కీలకం. ఈలోగా కొత్త కోర్సులు పోగుచేసుకునే బదులు, తానే రాసి ప్రతి వరుసనూ వివరించగల ఒక్క ప్రాజెక్టు సిద్ధం చేసుకోమనండి. టీసీఎస్ ఎన్‌క్యూటీ వంటి నియామక పరీక్షలకు యాప్టిట్యూడ్ సాధన రోజూ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేయించండి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఇంజినీరింగ్ పట్టభద్రులను ఏడాదిపాటు స్టైపెండ్‌తో అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంటాయి. అది శాశ్వత ఉద్యోగం కాదు, కానీ రెజ్యూమేలో ఖాళీ ఉండదు.

ఇక మీరు చేయగలిగినదొకటి: మార్చి దాకా ఖర్చులకు ఎంత పంపగలరో ఇప్పుడే అతనికి స్పష్టంగా చెప్పి, రోజూ ఫోనులో "ఏమైనా వచ్చిందా?" అని అడగడం మానండి.