లినక్స్‌లో కొత్త ప్రాసెసర్‌కి బెంచ్‌మార్క్ నడిపిన ప్రతిసారీ వేరే స్కోరు వస్తోంది, తప్పు చిప్‌సెట్‌దేనా?

మీరు బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చారు, లినక్స్ మాత్రం పాత డిస్క్‌లో ఉన్నదే వాడుతున్నారు. బెంచ్‌మార్క్‌లో, అంటే వేగం కొలిచే టెస్టులో, స్కోరు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, ఓసారైతే పాత మెషీన్ కంటే తక్కువ వచ్చిందన్నారు. ఏ టూల్‌ని నమ్మాలి, చిప్‌సెట్‌లో (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే బోర్డు మీది చిప్‌లో) లోపమా అన్నది మీ ప్రశ్న.

టూల్ మారిస్తే ఇది తేలదు. నేనూ ఇదే గోతిలో పడ్డాను. కొత్త డెస్క్‌టాప్ కట్టుకున్న రోజే లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కంపైల్ పెట్టాను, అంటే దాన్ని సోర్స్ కోడ్ నుంచి తయారుచేయడం. రోజూ నేను చేసే పని అదే కనుక నాకు అంతకు మించిన బెంచ్‌మార్క్ లేదు. మొదటిసారి పర్వాలేదనిపించింది. రెండోసారి ఇంకా తొందరగా అయింది. మూడోసారి నుంచి వరసగా నెమ్మదించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు ప్రాసెసర్‌ని, ఆ తర్వాత బోర్డుని తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పులన్నీ నావే.

రెండోసారి తొందరగా అవడంలో ప్రాసెసర్ గొప్పేమీ లేదు. మొదటిసారి డిస్క్ నుంచి చదివిన ఫైళ్లు పేజ్ క్యాష్‌లో, అంటే ర్యామ్‌లో ఉండిపోతాయి. రెండోసారి డిస్క్ దాకా వెళ్లే పనే ఉండదు. అందుకే ఇప్పుడు సోర్స్ మొత్తం ర్యామ్‌లోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్‌లో పెట్టి నడుపుతాను, మొదటి రన్‌ని లెక్కలో వేసుకోను.

మూడోసారి నుంచి దిగజారడానికి కారణం వేడి. సద్దు లేకుండా ఉంటుందని బయోస్‌లో ఫ్యాన్‌ని సైలెంట్ ప్రొఫైల్‌లో పెట్టింది నేనే. ఇది తెలియడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, ఎందుకంటే చివర్లో వచ్చే స్కోరు తప్ప నేను ఇంకేమీ చూడలేదు. మీరు ఆ పొరపాటు చేయకండి. బెంచ్‌మార్క్ నడుస్తుండగానే పక్క టెర్మినల్‌లో టర్బోస్టాట్ అనే టూల్ పెట్టుకోండి. కోర్లు ఎన్ని మెగాహెర్ట్జ్‌లో నడుస్తున్నాయో, ఎంత వేడెక్కాయో, ప్యాకేజీ, అంటే ప్రాసెసర్ మొత్తం, ఎన్ని వాట్లు తీసుకుంటోందో వరసగా చూపిస్తుంది. ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు వేడి పైహద్దుకు అంటుకుని ఉంటే కూలింగ్ చాలట్లేదని. వేడి తక్కువగానే ఉండి వాట్లు ఒక అంకె దగ్గర బిగుసుకుపోతే అడ్డుపడుతున్నది పవర్ హద్దు.

ఈ పవర్ హద్దు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చిప్‌సెట్ మీద వేసే నింద నిజానికి దీనిది. ఇంటెల్ ప్రాసెసర్లకు పీఎల్1, పీఎల్2 అని రెండు హద్దులు ఉంటాయి. కొంతసేపు పీఎల్2 దాకా పోనిచ్చి, సగటు వాడకం పెరిగాక పీఎల్1కి దించేస్తాయి. ఆ కొంతసేపు అన్నది చాలా మోడళ్లలో 28 సెకన్లు. అంటే 20 సెకన్లలో ముగిసే టెస్టు ఒక ప్రాసెసర్‌ని చూపిస్తుంది, పది నిమిషాల కంపైల్ ఇంకో ప్రాసెసర్‌ని చూపిస్తుంది. పైగా ఈ హద్దులను బోర్డు చేసినవాళ్లు బయోస్‌లో తమకు తోచినట్టు పెడతారు. ఒకే ప్రాసెసర్ రెండు బోర్డుల మీద రెండు స్కోర్లు ఇచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మరి చిప్‌సెట్ పాత్ర ఏమీ లేదా అంటే, ప్రాసెసర్ వేగం వరకు దాదాపు లేదు. ఒకప్పుడు ఉండేది. ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ చిప్‌సెట్‌లో భాగమైన నార్త్‌బ్రిడ్జ్‌లో ఉన్న రోజుల్లో చిప్‌సెట్ మారితే ర్యామ్ వేగమే మారిపోయేది. ఏఎండీ 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64లతో ఆ కంట్రోలర్‌ని ప్రాసెసర్‌లోకి తెచ్చేసింది. ఇంటెల్ 2008లో నెహేలమ్‌తో అదే చేసింది. ఇప్పుడు చిప్‌సెట్ చేతిలో మిగిలినవి శాటా, యూఎస్‌బీ, కొన్ని అదనపు పీసీఐఈ లేన్లు. దాన్ని కొలవాలంటే ప్రాసెసర్ టెస్టు కాదు, ఫియో అనే టూల్‌తో డిస్క్ టెస్టు పెట్టాలి. ఉదాహరణకు డీఎంఐ 3.0 అనే లింక్ ఉన్న ఇంటెల్ బోర్డుల్లో చిప్‌సెట్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి సెకనుకు సుమారు 4 జీబీ మాత్రమే. చిప్‌సెట్ వెనక రెండు ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) డ్రైవ్‌లు పెట్టి రెండింటినీ ఒకేసారి పరిగెత్తిస్తే ఆ ఇరుకు దారినే పంచుకోవాలి. ఏ డ్రైవ్ ఎవరి వెనక ఉందో ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండ్ చెట్టు రూపంలో చూపిస్తుంది.

నా మెషీన్‌లో బయటపడ్డ ఇంకో తప్పు చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. రెండు ర్యామ్ స్టిక్‌లనూ ఒకే ఛానెల్‌కి (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారికి) చెందిన స్లాట్లలో గుచ్చాను. డీడీఆర్4-3200 ఒక ఛానెల్‌లో కాగితం మీద సెకనుకు 25.6 జీబీ, రెండు ఛానెళ్లలో 51.2. అంటే నేను సగం దారి మూసేసి రేసు పెట్టాను. దీన్ని పట్టించింది స్ట్రీమ్ అనే చిన్న మెమరీ బెంచ్‌మార్క్. దాన్ని వాడితే ఎరే (టెస్టు వాడే డేటా) సైజు ప్రాసెసర్ లోపలి చివరి స్థాయి క్యాష్‌కి కనీసం నాలుగు రెట్లు ఉండేలా చూసుకోండి, లేకపోతే మీరు కొలిచేది ర్యామ్‌ని కాదు, క్యాష్‌ని. ఫైళ్లు కుదించే సెవెన్‌జిప్‌లో ఉన్న బెంచ్‌మార్క్ కూడా మంచి సూచిక. అందులో కంప్రెషన్ ర్యామ్ ఆలస్యం మీద బాగా ఆధారపడుతుంది, డీకంప్రెషన్ అంతగా ఆధారపడదు. ఒకటి పడిపోయి ఇంకోటి బాగుంటే కథ సగం తెలిసిపోయినట్టే.

ఇక లినక్స్ వైపు. పాత ఇన్‌స్టాలేషన్‌నే తెచ్చి పెట్టానన్నారు కదా, మొదట కెర్నల్ వెర్షన్ చూడండి. మీది రైజెన్ అయితే, ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీని నడిపే ఏఎండీ పీస్టేట్ డ్రైవర్ 2022లో వచ్చిన 5.17తోనే కెర్నల్‌లో చేరింది. అంతకు ముందు కెర్నళ్లు పాత ఏసీపీఐ డ్రైవర్‌తోనే నెట్టుకొస్తాయి. ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో తేల్చే గవర్నర్ విషయంలో ఒక తిరకాసు ఉంది. పాత ఏసీపీఐ డ్రైవర్‌లో పవర్‌సేవ్ అంటే ఫ్రీక్వెన్సీని అట్టడుగున కట్టేయడం. ఇంటెల్ పీస్టేట్ యాక్టివ్ మోడ్‌లో అదే పేరున్న గవర్నర్ పనిని బట్టి ఫ్రీక్వెన్సీని పెంచుతుంది, తగ్గిస్తుంది. పేరు చూసి కంగారు పడకండి, కానీ పోల్చేటప్పుడు రెండు మెషీన్లలోనూ పెర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టండి.

2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాల నుంచి కాపాడే రక్షణలు కూడా స్కోరును కదిలిస్తాయి. ఏవి ఆన్‌లో ఉన్నాయో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ చూపించే జాబితా చివర్లో ఉంటుంది. ఒక మెషీన్‌లో తీసేసి, ఇంకోదాంట్లో ఉంచి పోల్చడం న్యాయం కాదు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లతో పోలిక మరీ చిక్కు. ఓపెన్‌బీఎస్‌డీ 6.4 నుంచి హైపర్‌థ్రెడింగ్‌ని (ఒక్కో కోర్‌ని రెండుగా వాడుకోవడాన్ని) మామూలుగా ఆపేసే ఉంచుతుంది. ఫ్రీబీఎస్‌డీ 10 నుంచి క్లాంగ్ కంపైలర్‌తో వస్తుంది, లినక్స్‌లో ఎక్కువగా జీసీసీ. చివరికి మీరు కొలిచేది కంపైలర్‌నే కావచ్చు.

టూల్ సంగతికొస్తే నేను ఫొరోనిక్స్ టెస్ట్ సూట్ వాడతాను. ఒక్కో టెస్టును కొన్నిసార్లు నడిపి, ఫలితాల మధ్య తేడా ఎక్కువుంటే తనే మరికొన్నిసార్లు నడుపుతుంది. మీకు కావాల్సింది అదే. సిస్‌బెంచ్‌లో సీపీయూ టెస్టు ప్రధాన సంఖ్యలు వెతకడం తప్ప మరేమీ చేయదు, దాని మీద నాకు నమ్మకం లేదు. బూట్ అయ్యేటప్పుడు కనిపించే బోగోమిప్స్‌ని మీరు ప్రశ్నలో రాశారు, అది స్కోరే కాదు. ఊరికే తిరుగుతూ కాసేపు ఆగే ఆలస్యపు లూప్‌ని సరిచూసుకోవడానికి కెర్నల్ వేసుకునే లెక్క అది, బోగస్ అని పేరులోనే ఉంది.

ఇవాళ మీరు చేయాల్సింది, ముందు కేస్ తెరిచి ర్యామ్ స్టిక్‌లు ఏ స్లాట్లలో ఉన్నాయో బోర్డు మాన్యువల్‌తో సరిచూడండి. తర్వాత కంపైల్ ఐదుసార్లు నడిపి, ఐదు సమయాలూ, ఐదోసారి నడిచేటప్పటి టర్బోస్టాట్ వరసలూ, కెర్నల్ వెర్షనూ కింద రాయండి. సగటు వద్దు, ఐదూ విడివిడిగా కావాలి.