టెక్ సందేహాలు: స్టీరింగ్ లూజును స్కానర్ ఎందుకు పట్టుకోలేదు?

ప్రశ్న: నా పికప్ ట్రక్కుకి పదేళ్లు దాటాయి. స్టీరింగ్‌ని కాస్త తిప్పితే బండి పట్టించుకోదు, ఇంకాస్త తిప్పితే అప్పుడు లాగుతుంది. పార్కింగ్ చేసేటప్పుడు ‘టక్, టక్’ అని చప్పుడు. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) కొని యాప్‌లో చూస్తే ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. స్కానర్ పాడైందా? ఇంకో యాప్ ఏదైనా చెప్తారా?

జవాబు: యాప్ మార్చినా ఫలితం మారదు. స్కానర్ బాగానే ఉంది, మీరే దానికి తెలియని విషయం అడుగుతున్నారు. సెన్సార్లు చెప్పినదాన్నే ఓబీడీ మనకు చూపిస్తుంది. అరిగిపోయిన బాల్ జాయింట్‌కి (గిన్నెలో గుండులా తిరిగే కీలుకి) సెన్సార్ ఉండదు. ఈ పనికి ఇద్దరు మనుషులు, ఒక టార్చి, అరగంట ఓపిక చాలు.

ముందు టైర్లలో గాలి, వీల్ నట్ల బిగుతు చూడండి. నవ్వకండి, గాలి తగ్గిన టైర్లతో కూడా స్టీరింగ్ మెత్తగా, లూజుగా అనిపిస్తుంది. ఆ తర్వాత టైర్లు సూటిగా ఉంచి, స్టీరింగ్ చక్రం అంచు దగ్గర ఎంత ఖాళీ తిరుగుడు (టైర్లు కదలకుండా స్టీరింగ్ తిరిగే దూరం) ఉందో స్కేలుతో కొలవండి. కొన్ని సర్వీస్ మాన్యువళ్లు 30 మి.మీ. దాకా ఒప్పుకుంటాయి. మీ బండి మాన్యువల్‌లో ఏముందో అదే లెక్క.

ఇక అసలు పరీక్ష. బండి సమతల నేల మీద, టైర్లు నేలకు ఆనే ఉండాలి. జాకీ ఎత్తితే బరువు పోయి, దొరకాల్సిన దొంగ తప్పించుకుంటాడు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. లోపలి మనిషి స్టీరింగ్‌ని గడియారంలో 11 నుంచి 1 మధ్య, అటూ ఇటూ చకచకా ఊపాలి, అంతకు మించి తిప్పకూడదు. రెండో మనిషి పై నుంచి కిందికి ఒక్కో జాయింట్ చూసుకుంటూ రావాలి. పాత బాక్స్ రకం స్టీరింగ్‌లో వరస ఇది: స్టీరింగ్ కాలమ్ కింద ఉండే షాఫ్ట్, దాని కప్లింగ్ (అతుకు), స్టీరింగ్ బాక్స్ (పళ్ల చక్రాల పెట్టె), పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ ఊపే చేయి), డ్రాగ్ లింక్ (ఆ ఊపును ముందుకు తీసుకెళ్లే కడ్డీ), టై రాడ్లు (చక్రాలను తిప్పే కడ్డీలు), వాటి ఎండ్లు (చివర ఉండే బాల్ కీళ్లు).

వెతకాల్సింది ఒక్కటే: జాయింట్‌కి ఇటువైపు ముక్క కదిలాక, అటువైపు ముక్క రవ్వంత ఆలస్యంగా కదులుతోందా? టై రాడ్ ఎండ్ మీద వేలు అడ్డంగా ఆనించండి, సగం దాని సాకెట్ (గిన్నె) మీద, సగం అది బిగిసి ఉన్న ఆర్మ్ మీద. బాగున్న జాయింట్ తిరుగుతుందేగానీ వదులుగా జరగదు. అరిగినదైతే వేలి కింద చిన్న ‘టిక్’ తగులుతుంది. కంటికి కనపడనిది కూడా చర్మానికి తెలుస్తుంది. ఆర్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య మాత్రం వేళ్లు పెట్టొద్దు, నలిగిపోతాయి.

రెండో మనిషి దొరక్కపోతే ఫోన్ ఉందిగా. టార్చి వెలుగులో జాయింట్ దగ్గర ఆనించి పెట్టి, స్లో మోషన్‌లో వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములైతే రెండు ముక్కల మధ్య ఆలస్యం ఇట్టే కనిపిస్తుంది. ఈ శీర్షికకి టెక్ అని పేరు పెట్టుకున్నందుకు ఈ మాత్రం చెప్పాలి కదా.

బాక్స్ దగ్గర ఒక హెచ్చరిక. లోపలికి వెళ్లే షాఫ్ట్ తిరిగి, పిట్‌మన్ ఆర్మ్ ఆలస్యంగా కదిలితే లూజు బాక్స్ లోపలే. పైన ఒక సర్దుబాటు స్క్రూ కనిపిస్తుంది, పానా పట్టుకున్న ప్రతివాడికీ దాన్ని బిగించేయాలనిపిస్తుంది. మిగతా జాయింట్లన్నీ బాగున్నాయని తేలకముందు దాని జోలికి వెళ్లకండి. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు, లోపలి పళ్లూ అరుగుతాయి. బాక్సే మొత్తంగా జరుగుతుంటే ఫ్రేమ్‌కి బిగించిన బోల్టులు వదులయ్యాయని అర్థం. ఫ్రేమ్ పగులు కూడా అక్కడే వస్తుంది, టార్చి వేసి చూడండి.

మీ ‘టక్’ చప్పుడు పార్కింగ్‌లోనే వస్తోంది గనుక నా అనుమానం ముందు ఆ షాఫ్ట్ కప్లింగ్ మీదకే పోతుంది. నా పాత బండికి రెండు టై రాడ్ ఎండ్లూ మార్పించాక కూడా చప్పుడు అలాగే ఉంది. చివరికి కాలమ్ కింద షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుంటే దొరికింది. గుంతల్లో మాత్రమే వచ్చే చప్పుడైతే స్టెబిలైజర్ లింకులు (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ లింకులు), రబ్బరు బుష్‌లు చూడాలి.

టైర్లు నేల మీద ఉండగా ఏమీ దొరక్కపోతే అప్పుడు జాకీ. స్టాండ్ల మీద ఆపాకే చెయ్యి పెట్టండి. చక్రాన్ని గడియారంలో 9, 3 దగ్గర పట్టుకుని కుదిపితే ఆడేది టై రాడ్ వైపు. 12, 6 దగ్గర ఆడితే బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే బేరింగ్, ఉంటే బాల్ జాయింట్. ముందు ఒకే గట్టి యాక్సిల్ ఉన్న ట్రక్కయితే ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కడ్డీ) బుష్‌ని మర్చిపోకండి. అది వదులైతే వేగంలో ఒక్క గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు వణుకుతుంది.

జాయింట్ కళ్లముందే ఊగిపోతున్నా, రబ్బరు బూటు చిరిగి లోపలి బాల్ బయటికి వచ్చేలా ఉన్నా, ఆ బండి నడుపుకుంటూ వర్క్‌షాప్‌కి వెళ్లకండి, లాగించుకుని వెళ్లండి. టై రాడ్ మార్చాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరి.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారిపోకుండా చూసే వ్యవస్థ) లైట్ వెలిగింది. ఏదైనా విరిగిందా?

జవాబు: విరిగి ఉండకపోవచ్చు. స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌కి ‘సూటిగా’ అంటే ఎక్కడో మళ్లీ నేర్పించాలి. చౌక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లు చదవడానికే, ఈ పని చేయలేవు. అలైన్‌మెంట్ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి, సెన్సార్ కాలిబ్రేషన్ చేశారా అని అడగండి.