ఎగ్జిబిషన్ ప్రింట్లకి కాగితం కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. ఫోన్‌లో చెబితే సగం నీ చెవికెక్కదు, సగం నాకు గుర్తుకు రాదు, అందుకే రాస్తున్నాను. "మామయ్యా, అన్నిటికంటే మంచి కాగితం ఏది?" అని అడిగావు. అలాంటిది లేదమ్మా. ఆ బొమ్మకి, ప్రింటర్‌లో ఉన్న ఇంకుకి, అది వేలాడబోయే గోడకి కుదిరే కాగితమే మంచి కాగితం. నేనైతే నీ ఫోటోలకి రెండే రెండు రకాలు కొంటాను. ఒకటి నున్నటి కాటన్ మ్యాట్, అంటే పత్తితో చేసిన మెరుపు లేని కాగితం. రెండోది బరైటా, అంటే మెరుపున్న కాగితం. పది రకాలు కొని అన్నిటినీ పైపైన చూసేకంటే ఈ రెండిటి గుణం క్షుణ్ణంగా తెలుసుకుంటే నీకు ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ముందు ఇంకు సంగతి తేల్చుకో. నీ స్నేహితుడి ట్యాంక్ ప్రింటర్‌లో వేసేద్దామని రాశావు. ఎప్సన్ ఎల్805, ఎల్1800 లాంటివి స్టూడియోల్లో పాస్‌పోర్ట్ ఫోటోలకి, ఫంక్షన్ ఫోటోలకి భేషుగ్గా పనిచేస్తాయి. వాటిని చిన్నచూపు చూడను. కానీ వాటిలో పోసేవి ఆరూ డై ఇంకులే, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయిన రంగులు. గ్లాసీ పేపర్ మీద మెరిసే ఆ రంగులు కాటన్ మ్యాట్ మీద నీరసపడిపోతాయి, నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది. పైగా డై ఇంకు వెలుతురుకి తొందరగా వెలుస్తుంది. డబ్బు పోసి ఫైన్ ఆర్ట్ కాగితం కొని దాని మీద డై ఇంకు వేయడం దండగ. పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగుపొడి కలిపిన ఇంకు, వాడే ప్రింటర్ ఉన్న ల్యాబ్ వెతుక్కో. ఎప్సన్ పీ700, పీ900, కానన్ ప్రో-300, ప్రో-1000, లేదా వాటికంటే పెద్ద రోల్ మెషిన్లు. "మీది పిగ్మెంటేనా? మ్యాట్ బ్లాక్ ఉందా? నా కాగితం నేను తెచ్చుకుంటే వేస్తారా?" అని మొహమాటపడకుండా అడుగు. కరిజ్మా పెళ్లి ఆల్బమ్‌లు తప్ప ఇంకేమీ చేయని ల్యాబ్‌లో ఈ పని పెట్టకు. వాళ్లకి చేతకాక కాదు, వాళ్ల మెషిన్లు వేరు, వాళ్ల తొందర వేరు.

మ్యాట్ బ్లాక్ గురించి ఎందుకు అడగమన్నానంటే, ఈ ప్రింటర్లలో నలుపులు రెండు రకాలు. మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్, మెరుపున్న కాగితానికి ఫోటో బ్లాక్. పీ800 లాంటి కాస్త పాత ఎప్సన్లలో రెండిటికీ కలిపి ఇంకు వెళ్లే దారి ఒకటే. మార్చిన ప్రతిసారీ కొంత ఇంకు వృథాగా పోతుంది. అందుకే అలాంటి మెషిన్ ఉన్న ల్యాబ్‌వాళ్లు పొద్దున మ్యాట్, మధ్యాహ్నం గ్లాసీ అంటే ముఖం చిట్లిస్తారు. నీ మ్యాట్ ప్రింట్లన్నీ ఒక రోజు, బరైటావన్నీ ఇంకో రోజు పెట్టుకుంటే వాళ్లకీ టెన్షన్ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, నలుపు. ప్రింట్‌లో నలుపు ఎంత లోతుగా వస్తుందో కాగితం ఉపరితలమే నిర్ణయిస్తుంది. దాన్ని కొలిచే లెక్కని డీమ్యాక్స్ అంటారు. మంచి మ్యాట్ కాగితం మీద 1.6 దగ్గర ఉంటుంది, బరైటా మీద 2.3 దాకా వస్తుంది. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఇది లాగరిథమ్ లెక్క. 1.6 అంటే ఆ నలుపు మీద పడిన వెలుతురులో రెండున్నర శాతం తిరిగొస్తుంది. 2.3 అంటే అర శాతమే. అంటే మ్యాట్ నలుపు అయిదు రెట్లు వెలుతురు వెనక్కి పంపుతోంది. అందుకే నీ కోనేటి తెప్పోత్సవం ఫోటో, చుట్టూ చీకటి, మధ్యలో దీపాల వరస, మ్యాట్ మీద వేస్తే ఆ చీకటి బొగ్గుపొడి చల్లినట్టు పేలవంగా ఉంటుంది. దాన్ని బరైటా మీదే వెయ్యి. భీమిలి తీరంలో పడవలదీ అంతే. తడి ఇసుక మీద ఆ తళతళ ఉంది చూడు, అది లేకపోతే ఆ ఫోటోలో ఇంకేం మిగలదు.

అరకు పొగమంచుకి మాత్రం మ్యాట్. అందులో అసలు కటిక నలుపే లేదు, అన్నీ మధ్యస్థపు ఛాయలు. వాటిని కాటన్ కాగితం చాలా మెత్తగా పలికిస్తుంది. ఏ మూల నుంచి చూసినా మీద కిటికీ ప్రతిబింబం పడదు.

మీ అమ్మమ్మ బ్లాక్ అండ్ వైట్ ఫోటో దగ్గర నాకూ తేలలేదు. కొంగు నీడ చూస్తే బరైటా అనిపిస్తోంది, ముఖం చూస్తే మ్యాట్ అనిపిస్తోంది. ఏ4లో రెండిటి మీదా వేసి చూడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆ ముఖాన్ని గరుకు కాగితం మీద వేయకు. హానెముహ్లె అనే కాగితం కంపెనీ వాళ్ల విలియం టర్నర్, జర్మన్ ఎచింగ్ లాంటివి చేత్తో తడిమితేనే ముచ్చటేస్తాయి. కొండలకి, పాత గోడలకి బాగుంటాయి. కానీ ముసలి ముఖంలో ముడతలే ఒక అల్లిక. దాని మీద కాగితం అల్లిక కూడా పడితే పక్కనుంచి లైటు వేసినప్పుడు ఏది ముడతో ఏది కాగితం గుంటో తెలియదు. నున్నటిది తీసుకో. హానెముహ్లె ఫోటో రాగ్ 308 జీఎస్ఎం గానీ, కాన్సన్ రాగ్ ఫోటోగ్రఫిక్ 310 గానీ.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఆ మాట వచ్చింది కాబట్టి ఇదీ విను. దుకాణంలో "మేడమ్, ఇది మందం ఎక్కువ, క్వాలిటీ" అంటారు. మందానికీ బొమ్మ నాణ్యతకీ సంబంధం లేదు. బొమ్మ కూర్చునేది మీదున్న పూత మీద. ఫోటో రాగ్ 188లోనూ దొరుకుతుంది, 308లోనూ దొరుకుతుంది. గాజు వెనక పెట్టాక తేడా చెప్పగలిగినవాడు నాకింతవరకూ తగల్లేదు. మందం చేతిలో పట్టుకున్నప్పుడు తెలుస్తుంది, పెద్ద సైజుల్లో కాగితం అలలు తేలకుండా ఆపుతుంది. పుస్తకంలా కుట్టించుకుంటే పలచనిదే సుఖం.

ఈ పూత సంగతి కొత్తదేమీ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో పలచటి కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, దాని మీద వెండి లవణంతో బొమ్మ తీసేవారు. బొమ్మ కాగితం నారలోకి ఇంకిపోకుండా ఆ సొన పైనే పట్టి ఉంచేది. ఇప్పటి ఇంక్‌జెట్ పూతదీ ఆ పనే. తర్వాత డార్క్‌రూమ్ రోజుల్లో మేం వాడిన ఫైబర్ కాగితంలో బేరియం సల్ఫేట్ పొర ఉండేది. బరైటా అన్న పేరు దాని నుంచే వచ్చింది. మన రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ఉంది చూడు, అదే పదార్థం. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికే పోతుంది లే, కానీ ఆ పేరు విన్నప్పుడల్లా నాకు డార్క్‌రూమే గుర్తొస్తుంది.

ఇక మన్నిక. దినపత్రిక ఎండలో పడితే రెండు మూడు రోజుల్లో పసుపెక్కడం చూశావుగా, అది చెక్కగుజ్జులో ఉండే లిగ్నిన్ వల్ల. ఫైన్ ఆర్ట్ కాగితం నూరు శాతం పత్తితో చేస్తారు, లేదా లిగ్నిన్ తీసేసిన చెక్కగుజ్జుతో, అంటే ఆల్ఫా సెల్యులోజ్‌తో చేస్తారు. ఆమ్లం పుట్టకుండా కొంచెం కాల్షియం కార్బనేట్ కలుపుతారు. ప్యాకెట్టు మీద ఐఎస్‌ఓ 9706 అని, అంటే కాగితం మన్నికకి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం పేరు, ఉంటే ఆ జాగ్రత్తలు తీసుకున్నారని అర్థం. సెల్యులోజ్ అంటే నాసిరకం అనుకోకు, బాగా శుద్ధి చేసినది దశాబ్దాలు నిలుస్తుంది. అమ్మకానికి పెట్టే ప్రింట్లకి మాత్రం పత్తే వాడు, కొనేవాళ్లు అడుగుతారు. హానెముహ్లె 1584 నుంచి, కాన్సన్ 1557 నుంచి కాగితం చేస్తున్నాయి. ఆ వయసు చూసి కొనాల్సిన పని లేదు గానీ, ప్రతి ప్యాకెట్టూ ఒకే రకంగా వస్తుందన్న ధీమా ఉంటుంది. నాకు కావలసింది అదే.

తెలుపు గురించి చాలామంది పట్టించుకోరు, అక్కడే దెబ్బ తింటారు. కాగితం మిలమిల తెల్లగా కనిపించడానికి ఆప్టికల్ బ్రైటనర్లు కలుపుతారు. అవి కంటికి కనబడని అల్ట్రావయొలెట్ కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా వదులుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ శక్తి చచ్చిపోయి కాగితం దాని అసలు రంగుకి, అంటే కొంచెం గోధుమ ఛాయకి, వచ్చేస్తుంది. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. నోట్లు చెక్ చేసే చిన్న యూవీ లైటు కొనుక్కో. గది చీకటి చేసి ముందు అయిదొందల నోటు మీద వెయ్యి. కాగితం వెలగదు, దారం, నంబర్ల లాంటి కొన్ని గుర్తులే వెలుగుతాయి. మన నోటు కాగితం కూడా పత్తిదే, బ్రైటనర్ ఉండదు. తర్వాత ఆఫీసు జిరాక్స్ కాగితం మీద వెయ్యి, నీలంగా భగ్గుమంటుంది. ఇప్పుడు నీ శాంపిల్ షీట్లు ఒక్కొక్కటీ చూడు. కాన్సన్ రాగ్ ఫోటోగ్రఫిక్, వాళ్లదే మెరుపున్న కాగితం ప్లాటీన్ ఫైబర్ రాగ్, రెండూ బ్రైటనర్ లేనివి. ఫోటో రాగ్‌లో కొద్దిగా ఉంటుంది. కొద్దిగా ఉంటే నేను పెద్దగా భయపడను. భగ్గుమనేదాన్ని అమ్మకపు ప్రింట్‌కి వాడను. బ్రైటనర్ లేనిది కాస్త మీగడ తెలుపులో ఉంటుంది కాబట్టి నీ పొగమంచు నీలిదనం కొంచెం వెచ్చబడుతుంది. నచ్చకపోతే ఫైల్‌లో సవరించుకో.

కాగితం ఎంచుకున్నాక ఆ కంపెనీ సైట్‌లో నీ ప్రింటర్ మోడల్‌కి ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే చిన్న ఫైల్, ఉచితంగా దొరుకుతుంది. దాంతోపాటు ప్రింటర్‌లో ఏ మీడియా టైప్, అంటే కాగితం రకం, పెట్టాలో రాసి ఉంటుంది, అది తప్పితే ప్రొఫైల్ ఉన్నా లేనట్టే. ఫోటోషాప్‌లో రంగుల పెత్తనం ఫోటోషాప్‌కి ఇచ్చి ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ సెట్టింగ్ ఆఫ్ చెయ్యి. ఇద్దరూ సవరిస్తే ముఖాలు ఎర్రబడతాయి. ప్రింట్ ఎలా వస్తుందో ముందే స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో పేపర్ కలర్ కూడా చూపించమని టిక్ పెడితే బొమ్మ ఒక్కసారిగా వెలవెలబోతుంది. బెంగపడకు, మ్యాట్ ప్రింట్ నిజంగా అంతే. నీడల్ని కొంచెం పైకి లేపు, మధ్య ఛాయల్లో కాంట్రాస్ట్ కొంచెం పెంచు. "స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్ నల్లగా వచ్చింది" అనే ఫిర్యాదులో చాలావరకు తప్పు మానిటర్ బ్రైట్‌నెస్‌దే. బాగా తగ్గించుకుని ఎడిట్ చెయ్యి.

శాంపిల్ ప్యాక్ ఏ4లో దొరుకుతుంది, దాంతోనే మొదలుపెట్టు. ప్రింట్ వచ్చిన వెంటనే తీర్పు చెప్పకు, రాత్రంతా ఆరనిచ్చి పొద్దున చూడు. కిటికీ వెలుతురులో ఒకసారి, గ్యాలరీలో ఉన్న లైటు కింద ఇంకోసారి చూడు. బరైటా పట్టుచీర లాంటిది, లైటు ఎటు పడితే అటు తళుక్కుమంటుంది. ఆ హాల్లో ఎదురుగా పెద్ద అద్దాల తలుపు ఉందన్నావు కదా, దాని ఎదుటి గోడకి మ్యాట్ ప్రింట్లే పెట్టు.

కాగితం పట్టుకునేటప్పుడు ఉంగరాలు తీసేయ్, నూలు గ్లౌజులు వేసుకో. మ్యాట్ ఉపరితలం మీద గోరు గీసుకుంటే నల్లటి చోట తెల్లచార తేలుతుంది, దానికి మందు లేదు. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే మూలన తడి వేలు ఆనించు, కొంచెం అంటుకున్నట్టుండే వైపు పూత. ప్రింటర్‌లో పెట్టేముందు షీటుని నిలువుగా పట్టుకుని మెత్తటి వెడల్పు బ్రష్‌తో పైనుంచి కిందికి రెండుసార్లు దులుపు. కాటన్ కాగితానికి సన్నటి నూగు అంటుకుని ఉంటుంది. దాని మీద ఇంకు పడి, తర్వాత ఆ నూగు రాలిపోతే ఆకాశం మధ్యలో తెల్లచుక్క మిగులుతుంది. విశాఖలో ఆ ఉప్పగాలి తేమకి షీట్ల అంచులు లేస్తాయి, లేచిన అంచుకి ప్రింటర్ హెడ్ తగిలి ఇంకు మరక పడుతుంది. ప్యాకెట్టుని ప్రింటర్ ఉన్న గదిలోనే ముందు రోజు పెట్టించు, వాడనివి మళ్లీ కవర్లో పెట్టి సీలు వెయ్యి. బీరువాలో అడుగున పెట్టకు, పురుగు పడుతుంది.

ఫ్రేమ్ కట్టేవాడికి మాత్రం నువ్వే దగ్గరుండి చెప్పు. ప్రింట్ కనీసం ఒక రోజు పూర్తిగా ఆరాలి, ముఖ్యంగా బరైటా. లేకపోతే ఇంకులోంచి వచ్చే ఆవిరి గాజు లోపల మసకగా పేరుకుంటుంది. మధ్యలో యాసిడ్ లేని మౌంట్ బోర్డు పెట్టాలి, ప్రింట్ గాజుకి ఆనకూడదు. వెనక చెక్క అట్ట నేరుగా తగలనివ్వద్దు. వాళ్లు అలవాటుగా గమ్ టేప్ అంటించేస్తారు, అది అస్సలు వద్దు, పైన రెండు చోట్ల పేపర్ టేప్‌తో వేలాడదీస్తే చాలు. సంతకం మ్యాట్ మీదైతే కింది తెల్లంచులో పెన్సిల్‌తో పెట్టు. బరైటా మీద పెన్సిల్ సరిగ్గా పట్టదు, వెనక వైపు రాయి.

అమ్మమ్మ ఫోటో రెండు టెస్టులూ నాకు కొరియర్ చెయ్యి. మడత పెట్టకుండా, రెండు గట్టి అట్టల మధ్య. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య