దోసకాయ తప్ప ఏదీ ముట్టని తాబేలుకి ఆకులు అలవాటు చేయడం
మీ నేల తాబేలు దోసకాయ, టమాటా తప్ప ఇంకేదీ ముట్టట్లేదన్నారు కదా, టెన్షన్ పడకండి, అలవాటు మార్చొచ్చు, కాస్త ఓపిక కావాలంతే. దోసకాయలో ఉండేది చాలావరకు నీళ్లే, పీచు, కాల్షియం బాగా తక్కువ. పచ్చగడ్డి, మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు సన్నగా తరిగి ఆ దోసకాయ తురుములోనే కలిపి పెట్టండి, రోజురోజుకీ తురుము తగ్గిస్తూ ఆకులు పెంచుకుంటూ పోండి, మొదట్లో వదిలేసినా మీరు మానకండి. పురుగుమందు కొట్టని ఆకులే సుమా! పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గడ్డి తినే రకమైతే పండ్లు కూడా దాదాపు మానేయండి. ఆకుల మీద కాల్షియం పొడి చల్లినా, నేరుగా ఎండ గానీ యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్ని ఇచ్చే బల్బు) గానీ లేకపోతే అది సరిగా ఒంటబట్టదు, కిటికీ అద్దంలోంచి పడే ఎండ సరిపోదు. డిప్ప మెత్తబడినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.