‘విజిట్ మీద పో, అక్కడ మారుస్తా’ అంటున్నాడు ఏజెంటు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. ఎనిమిదో తరగతి దాకా చదివాను. నా పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైనది). దుబాయ్‌లో క్లీనింగ్ పని ఇప్పిస్తానని పక్క ఊరి ఏజెంటు 90 వేలు అడిగాడు. మిత్తికి తెచ్చి 40 వేలు ఇచ్చాను, రసీదు లేదు. పాస్‌పోర్టుతో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా తీసుకున్నాడు. ఇప్పుడేమో ముందు విజిట్ వీసా మీద పో, నెలలో కంపెనీ వీసాకు మారుస్తా అంటున్నాడు. వెళ్లవచ్చా? వెళ్లకపోతే నా డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: వెళ్లకండి. టికెట్ తెచ్చి చేతిలో పెట్టినా సరే.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు యూఏఈ, సౌదీ, కువైట్ వంటి 18 దేశాలకు పని కోసం వెళ్లాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం సెక్షన్ 22 ప్రకారం ముందుగా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (పనికి విదేశాలకు వెళ్లేవారి రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి కావాలి. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకు అక్కర్లేదు, వీసా, రానుపోను టికెట్ ఉంటే చాలు. మీ ఏజెంటు దూరుతున్న సందు ఇదే. ఎయిర్‌పోర్టులో అడిగితే ‘మా బావ దగ్గరికి’ అని చెప్పమంటాడు, చూస్తూ ఉండండి. కానీ చట్టం వీసా పేరు చూడదు. పని చేసే ఉద్దేశంతో దేశం దాటితే అది వలసే. అనుమతి లేకుండా అలా వెళ్తే మీరు కూడా నేరం చేసినట్టే.

అంతకంటే మీరు పోగొట్టుకునేది పెద్దది. సరైన దారిలో వెళ్లేవారి యజమాని వివరాలు, జీతం, కాంట్రాక్టు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు. విజిట్ మీద పోయినవాడికి ఇవేవీ లేవు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం తప్పు, కాబట్టి జీతం ఎగ్గొట్టినా లేబర్ ఆఫీసుకు పోవాలంటే భయం. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అనే, కాగితాలు లేకుండా దాక్కునే బతుకు చాలామందికి ఇలాగే మొదలైంది.

ఇక డబ్బు సంగతి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30 వేలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 35,400కు మించి తీసుకోకూడదు. అదీ రసీదు ఇచ్చే. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటే లేదు. ‘హైదరాబాద్ ఆఫీసు మనిషిని’ అంటే ఆ ఆఫీసు లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్సు లేకుండా ఈ పని చేసినా, ఎక్కువ వసూలు చేసినా ఎమిగ్రేషన్ చట్టం సెక్షన్ 24 కింద రెండేళ్ల దాకా జైలు. జరిమానా మాత్రం 2 వేల దాకానే, అదే ఈ చట్టంలో నవ్వొచ్చే సంగతి. అందుకే ఫిర్యాదులో మోసానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కూడా రాయించండి. ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలని ఎవరైనా తిప్పి పంపబోతే, ఫిర్యాదు వలస వెళ్లబోయే మనిషే ఇస్తే అది అక్కర్లేదని సెక్షన్ 27లోనే ఉందని చెప్పండి.

అయితే రేపే స్టేషన్‌కు పరుగెత్తకండి. ముందు సాక్ష్యం భద్రం చేయండి: ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, డబ్బు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్నవాళ్ల పేర్లు. తర్వాత ఏదో పని ఉందని చెప్పి పాస్‌పోర్టు, చెక్కు అడగండి. గొడవ మొదలయ్యాక అవి రావడం కష్టం. నాకు ఎక్కువ భయం ఆ ఖాళీ చెక్కు గురించే. సంతకం పెట్టి ఇస్తే అంకె రాసుకునే హక్కు కూడా ఇచ్చినట్టే కోర్టు మొదట అనుకుంటుంది. స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన చెక్ బౌన్స్ కేసు తప్పదు. తిరిగి ఇవ్వకపోతే, ఏ బాకీ లేకుండా ఫలానా నంబరు చెక్కును ఖాళీగా తీసుకున్నారని అతనికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, కాపీ దాచండి. ఆ తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఒక కాపీ హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫీసుకు పంపండి.

కేసు పెట్టగానే డబ్బు రాదు. చాలా వాటిలో ఫిర్యాదు అందాక రాజీకి వస్తారు. మొత్తం చేతికొచ్చాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టండి. అప్పటికీ దుబాయ్ వెళ్లాలనే ఉంటే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోండి.